వెనక నుంచి డిక్టేషన్

హునాన్, చైనా
13 అక్టోబరు 2024

అత్తయ్యకి,

జాయ్ వందనాలు. ఈ నెలలో మీకు పదకొండుసార్లు ఫోన్ చేశాను. ఇక్కణ్ణుంచి లైను కలవడమే గగనం. కలిసిన ప్రతిసారీ రింగయి రింగయి ఆగిపోతోంది. కొత్తపేటలో డాడీని అడిగితే, "మీ అత్తకి కోపమొచ్చిందమ్మా, వద్దన్నా చైనా వెళ్ళేవు కదా" అన్నారు. కోపమైతే తిట్టండి, పడతాను. పలక్కుండా ఉంటే మాత్రం భయమేస్తోంది. రాజోలులో ఒక్కరే ఉంటారు, అరవై ఎనిమిదేళ్ళు వచ్చాయి. అందుకే ఈ ఈమెయిలు.

నా ఉద్యోగం గురించి చెప్పాలి. ఇది ప్రైవేటు హైస్కూలు. మన ఇంటర్ మొదటి సంవత్సరం వయసు పిల్లలు నలభై ఆరు మందికి ఇంగ్లీషు వినడం ఎంత వచ్చో, చదవడం ఎంత వచ్చో పరీక్షలు పెట్టి మార్కులు తేల్చడం నా పని. నా రిపోర్టు చూసి మా హెడ్ జౌ మేడమ్ సెక్షన్లు విడగొడుతుంది. కింది సెక్షన్లో పడితే మంచి కాలేజీ మీద ఆశ వదులుకున్నట్టే. అందుకని నేను తరగతిలోకి అడుగు పెట్టగానే పిల్లలు నన్ను చూసి బిక్కచచ్చిపోతారు. నాకూ అలాగే ఉంటుంది, పైకి కనపడనివ్వను.

మిన్ అని ఒక అమ్మాయి ఉంది. చదివి రాసే పేపర్లో నలభైకి నలభై. వినే పరీక్షలో, తరగతిలో నేను ఎదురుగా నిలబడి చదివితే ఇరవైకి పంతొమ్మిది. అదే పరీక్ష హాల్లో స్పీకరులో వినిపిస్తే అయిదు. జౌ మేడమ్ ఒక్క మాటలో తేల్చేసింది. హాల్లో బల్లలు దూరం, తరగతిలో దగ్గర, కాబట్టి పక్కవాళ్ళది చూసి రాస్తోందని. నాకు ఎటూ తేలడం లేదు. ముప్పై నాలుగేళ్ళు ఇంగ్లీషు చెప్పారు, మీరైతే ఏం చేస్తారు?

ఇంకో మాట. నేను అడిగానని మీ గొంతుతో పాఠం రికార్డు చేసి పంపారు, థ్యాంక్స్. కానీ అత్తయ్యా, ఎందుకు అంతలా అరిచి చదివారు? స్పీకరు పెట్టగానే పిల్లలు చెవులు మూసుకుని నవ్వారు. చిన్నప్పుడు మీరు చదువుతుంటే నిద్రపట్టేంత మెత్తగా ఉండేది. కోపంతో చదివారా?

మీ చేతికింద ఇంగ్లీషు నేర్చుకున్న,
జాయ్

*

రాజోలు
19 అక్టోబరు 2024

జాయ్ అమ్మడూ,

నీకు ఆశీస్సులు. టైపు చేయడం నాకు చేతకాదు కనుక కాగితం మీద రాసి, ఫోటో తీసి పంపుతున్నాను. వంకరగా వస్తే తల వంచి చదువుకో.

నాకు కోపం లేదు. ఫోను స్పీకరు పాడైంది, అంతే. బాగు చేయించే ఓపిక లేదు. ఇకమీదట ఫోన్ చెయ్యకు, ఉత్తరమే రాయి. ఉత్తరమైతే రెండుసార్లు చదువుకోవచ్చు.

నా రికార్డింగు విని పిల్లలు నవ్వేరన్న మాట మాత్రం బాగా గుచ్చుకుంది. చివరి బెంచీవాడికి కూడా వినబడాలని గట్టిగా చదివాను. అంత గట్టిగా అనిపించలేదు నాకు. ఈమధ్య ఎవరికీ నేను చేసింది నచ్చడం లేదు. చర్చిలో ఆదివారం వాక్యం చదవడం ఇరవై ఏళ్ళుగా నా పని. మొన్న పాట పూర్తవకుండానే లేచి మొదలుపెట్టేశానట. ఈ వారం నుంచి ఎబినేజర్ గారి కోడలికి ఇచ్చేరు. ఇవ్వనీ.

ఇక నీ చైనా పిల్ల సంగతి. ఇందులో ఆలోచించడానికేముంది? నా పద్ధతి మర్చిపోయావా? నేను ఏనాడైనా ముందు నిలబడి డిక్టేషన్ చెప్పానా? ముందు నిలబడితే కొందరు పిల్లలు మన ముఖంలోంచే సగం జవాబు లాగేస్తారు, మిగతా సగం పక్కవాడి పుస్తకంలోంచి. అందుకే బెంచీల వెనక నడుస్తూ చెప్పేదాన్ని. ఎవరి తల ఎటు తిరిగినా నాకు కనిపిస్తుంది. పిల్లలు నన్ను చాటున వెనక టీచరుగారు అనేవారని తెలుసు. అన్నా ఫరవాలేదు, నా క్లాసులో కాపీ ఉండేది కాదు.

ఎనభై ఎనిమిదిలో ఎనిమిదో తరగతిలో బుల్లెమ్మ అని ఒక పిల్ల ఉండేది. ముత్యాల్లాంటి దస్తూరి. పుస్తకంలో ఏ పాఠమిచ్చినా చూసి గడగడా చదివేది. డిక్టేషన్ మాత్రం పక్కపిల్ల వచ్చిన రోజే రాసేది. నాకు అనుమానమొచ్చి ఒంటరిగా కూర్చోబెట్టి, వెనక నిలబడి పది వాక్యాలు చెప్పేను. ఒక్క ముక్క రాయలేదు. మాటిమాటికీ వెనక్కి తిరిగి చూసింది. చూడొద్దని నెత్తిమీద స్కేలుతో ఒకటి వేశాను. హెడ్మాస్టారికి చూపించి ఆ ఏడు అదే క్లాసులో ఉంచేశాం. మర్నాటి నుంచి బడికి రాలేదు. కాపీకొట్టేవాళ్ళకి మొండితనం ఎక్కువ.

నువ్వూ ఆ పిల్లని ఒక్కత్తినీ కూర్చోబెట్టి వెనక నుంచి చదువు. అయిదు నిమిషాల్లో తేలిపోతుంది.

మీ డాడీకి నా సంగతులేవీ రాయనక్కరలేదు.

అత్త జ్ఞానమ్మ

*

హునాన్
27 అక్టోబరు 2024

అత్తయ్యకి వందనాలు.

మీరు చెప్పినట్టే చేశాను.

శుక్రవారం తరగతి అయ్యాక మిన్‌ని ఉండమన్నాను. మధ్య బెంచీలో కూర్చోబెట్టి, వెనక్కి వెళ్ళి నిలబడి చదివాను. మొదటి వాక్యానికే వెనక్కి తిరిగింది. ముందుకు చూడమని వేలితో చూపించాను. మళ్ళీ తిరిగింది. మూడోసారి తిరిగినప్పుడు కేకలేశాను. అప్పుడిక తిరగలేదు. పెన్ను పట్టుకుని గోడవైపు చూస్తూ కూర్చుంది. మెడ వెనక చెమట కారడం నాకు కనిపిస్తూనే ఉంది. ఇరవై ప్రశ్నల్లో మూడింటికి ఏవో గుర్తులు పెట్టింది. ఆ మూడూ తప్పే.

కాగితం ఇచ్చేటప్పుడు రెండు చేతులతో పట్టుకుని వదల్లేదు. నేను లాక్కున్నట్టయింది.

రిపోర్టు రాసి జౌ మేడమ్‌కి ఇచ్చాను. ఆమె నన్ను మెచ్చుకుంది. నవంబరు నాలుగు, సోమవారంనాడు వాళ్ళ నాన్నని పిలిపిస్తుందట. ఆయన దూరంగా ఏదో ఫ్యాక్టరీలో పనిచేస్తాడు, మనిషి చాలా కోపిష్టి అంటున్నారు. పద్ధతి ప్రకారమే చేశాను కదా, మరి మనసులో ఈ పీకులాట ఏమిటో. రెండు రోజులుగా అన్నం సయించడం లేదు. మిన్ నాకు ఎదురుపడితే తల దించుకోవడం లేదు. నా ముఖంలోకి అలాగే చూస్తోంది. అదే భయంగా ఉంది.

డాడీ నిన్న రాజోలు వచ్చారట. పావుగంటసేపు బెల్లు కొట్టారట. లోపల ఫ్యాను తిరుగుతోంది, వంటింట్లో మీరు అటూ ఇటూ తిరగడం కిటికీలోంచి కనిపించింది, అయినా తలుపు తీయలేదట. "సొంత చెల్లెలు నా మొహం మీద తలుపేసేసిందమ్మా" అన్నారు ఫోన్లో. తెచ్చిన పనసతొనలు గుమ్మంలో పెట్టి వచ్చేశారట. ఆయన మీకేం చేశారత్తయ్యా? నేను చైనా రావడానికి ఆయన్నెందుకు శిక్షించడం?

జాయ్

*

రాజోలు
1 నవంబరు 2024

జాయ్‌కి,

మీ నాన్నని నా కిటికీల్లోంచి తొంగిచూడమని పంపింది నువ్వేనా? నా ఇంట్లో నేను తలుపు తీస్తాను, తీయకపోతాను. పని హడావిడిలో ఉండి చూసుకోలేదు. దానికి ఇన్ని మాటలా? పనసతొనలు చీమలు పట్టాయి, పారేశాను. అన్నయ్యకి ఆ మాట చెప్పకు.

నువ్వు చేసింది సరైనదే. రిపోర్టు ఇచ్చాక ఇక దాని గురించి తవ్వుకోకూడదు. నేను ఏనాడూ తవ్వుకోలేదు.

ఈ ఉత్తరం ఇక్కడితో ముగించి సంతకం కూడా పెట్టేశాను. పంపలేక మళ్ళీ కలం తీశాను. ఒక్క విషయం చెప్పు. ఆ పిల్ల వెనక్కి తిరిగినప్పుడు ఎటు చూసింది? నీ కళ్ళలోకా, నీ నోటివైపా? బాగా గుర్తు చేసుకుని రాయి. వెంటనే రాయి.

జ్ఞానమ్మ

*

హునాన్
4 నవంబరు 2024, సోమవారం

అత్తయ్యా,

మిన్ కనబడటం లేదు.

నిన్న పొద్దున్న హాస్టల్లో టిఫిన్‌కి రాలేదు. మంచం మీద ఫోను వదిలేసింది. దుప్పటి మడతపెట్టి ఉంది. ఈ వేళ వాళ్ళ నాన్న వచ్చే రోజు. స్కూలు వెనకే నది ఉంది, మన గోదావరంత కాదు గానీ లోతు ఎక్కువ అంటారు. పొద్దుట్నుంచీ పోలీసులు పడవల్లో తిరుగుతున్నారు. ఆ పడవ ఆగినప్పుడల్లా నా గుండె ఆగుతోంది.

మధ్యాహ్నానికి ఒక కబురు తెలిసింది. బస్సు కెమెరాలో ఆమె కొండలవైపు వెళ్ళే బస్సు ఎక్కడం కనిపించిందట. అక్కడ వాళ్ళ అమ్మమ్మ ఊరు. అమ్మమ్మ పోయి రెండేళ్ళయింది, ఇల్లు పాడుబడింది, చుట్టూ నారింజ తోటలు. ఊరివాళ్ళూ పోలీసులూ చేతి మైకులు పట్టుకుని పేరు పెట్టి పిలుస్తూ తోటలన్నీ గాలించారు. పలకడం లేదు. పలికే స్థితిలో లేదేమో అని ఒకాయన అన్నాడు. రేపటినుంచి అక్కడి చెరువుల్లో వెతుకుతారట. ఇక్కడ రాత్రిళ్ళు చలి ఎముకలు కొరుకుతోంది. ఆ పిల్ల స్వెట్టరు కూడా తీసుకెళ్ళలేదు.

పోలీసులు నన్ను రెండు గంటలు ప్రశ్నలడిగారు. పిల్లని ఒంటరిగా ఎందుకు కూర్చోబెట్టావు, ఎందుకు అరిచావు, వెనక ఎందుకు నిలబడ్డావు. మా అత్తయ్య పద్ధతి అని చెప్పలేకపోయాను. వీసా పోతే పోనీ. ఆ పిల్లకి ఏమైనా అయితే నేనెలా బతకాలి? నన్ను ఎవరూ తిట్టడం లేదు, అదే ఇంకా భయంగా ఉంది.

మీరు అడిగినదానికి జవాబు. నోటివైపే. మూడుసార్లూ నా నోటివైపే చూసింది. ఎందుకడిగారు?

జాయ్

*

రాజోలు
5 నవంబరు 2024

అమ్మడూ,

ముందు ఇది చదివి, లేచి వెళ్ళి జౌ మేడమ్‌కి చెప్పు. మిగతాది తర్వాత చదువు.

ఆ పిల్లకి చెవులు వినబడవు. మన నోరు చూసి మాటలు పట్టుకుంటుంది. కేకలేస్తే పలకదు, మైకులో పిలిచినా పలకదు. పలకలేదు కనుక అక్కడ లేదని ముందుకు సాగిపోకండి. పిలిచి వచ్చేసిన ప్రతి చోటికీ మళ్ళీ వెళ్ళండి. ప్రతి పాకా, ప్రతి గదీ తలుపు తీసి లోపలికి వెళ్ళి చూడండి. వెనక నుంచి చెయ్యి వేయకండి, హడలిపోతుంది. ఎదురుగా వెళ్ళి కనబడండి. వెళ్ళు.

చెప్పి వచ్చావా? ఇక నా సంగతి విను.

నాకు ఇవన్నీ ఎలా తెలుసంటే, నాకూ వినబడటం లేదు. రెండేళ్ళ నుంచి మొదలైంది. ఈ వేసవి నుంచి మరీ పోయింది. ఎదురుగా మాట్లాడితే పెదాలు చూసి చాలావరకు అందుకుంటాను. వెనక నుంచి వస్తే ఏమీ లేదు. ఫోను స్పీకరు పాడవలేదు. మీ నాన్న బెల్లు నాకు వినబడలేదు. గుమ్మంలో పనసతొనలు చూసి, వచ్చింది అన్నయ్యేనని తెలిసి, అక్కడే కూలబడి ఏడ్చాను. నిజం చెబితే ఇంటికి తాళం వేయించి కొత్తపేట తీసుకుపోతాడు. వినబడని ఇంగ్లీషు టీచరు అన్న మాట నా గురించి ఎవరి నోటా చూడలేను.

కిందటి నెల రాజోలు సెంటర్లో కొబ్బరికాయల లారీ నా వెనక హారన్ కొడుతూ వచ్చిందట. ఎవరో రెక్క పట్టుకుని లాగేరు. డ్రైవరు కిందికి దిగి తిడుతున్నాడు, నాకు కదిలే నోరు మాత్రమే కనిపిస్తోంది. మర్నాడే ఎవరికీ చెప్పకుండా అమలాపురం వెళ్ళి చెవి పరీక్ష చేయించుకున్నాను. అద్దాల గదిలో కూర్చోబెట్టి, చెవులకి తొడుగులు పెట్టి, శబ్దం వినబడినప్పుడల్లా మీట నొక్కమన్నారు. అద్దం అవతల ఒకమ్మాయి కూర్చుని శబ్దాలు పంపుతుంది. నాకు శబ్దం వినబడలేదు. కానీ పంపే ముందు ఆ అమ్మాయి భుజం కొంచెం కదలడం కనిపించింది. కదిలినప్పుడల్లా నొక్కేను. ఇరవైకి పద్దెనిమిది. "వయసుకి బాగానే ఉందండి మామ్మగారూ" అని కాగితం ఇచ్చేరు. ముప్పై నాలుగేళ్ళు కాపీలు పట్టినదాన్ని, అరవై ఎనిమిదో ఏట కాపీ కొట్టి పాసయ్యాను. ఆ కాగితం బైబిల్లో పెట్టుకుని రోజూ చూసుకుంటున్నాను, నాకేమీ లేదని నమ్మడానికి.

నీ రెండో ఉత్తరంలో ఆ పిల్ల మూడుసార్లు వెనక్కి తిరిగిందని చదవగానే నాకు అనుమానం తగిలింది. ఆ రోజే రాయాల్సింది. రాస్తే నా గుట్టు కూడా రాయాలి. అందుకని నీ మీద విసుక్కుని, చివర్లో ఒక ప్రశ్న మాత్రం అడిగి ఊరుకున్నాను. ఆ రోజులన్నీ నా పరువు కోసం తినేశానమ్మా. ఆ పిల్లకి ఏమైనా అయితే ఆ పాపం నీది కాదు, నాది.

బుల్లెమ్మ కూడా నా నోటివైపే చూసేది. ఇప్పుడు గుర్తొస్తోంది.

ఒక్క ముక్క అయినా రాయి. దొరికిందో లేదో, అంతే.

అత్త

*

హునాన్
9 నవంబరు 2024

అత్తయ్యా,

దొరికింది. బతికే ఉంది. "దొరికింది" అని ఆ రోజే ఒక్క మాట పంపాను, చూశారనుకుంటాను. ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నాను.

మీ ఉత్తరం మొదటి పేరా ఇంగ్లీషులోకి మార్చి జౌ మేడమ్ ముందు పెట్టాను. ఆమె చదువుతూనే ఫోను తీసింది. అప్పటికే మనుషుల్ని చెరువుల్లోకి దించుతున్నారు. ఫోన్ చేసి మైకులు ఆపించి, ప్రతి తలుపూ తీసి చూడమంది. అరగంటలో దొరికింది. నారింజలు నిలవచేసే మట్టిగదిలో, తలుపుకి వీపు పెట్టి కూర్చుందట. పేరు పిలుస్తూ ఆ గది పక్కనుంచి రెండుసార్లు వెళ్ళామని వాళ్ళే చెప్పి తల పట్టుకున్నారు. మీ ఉత్తరం రాకపోతే మూడోసారి వెళ్ళేవాళ్ళు కాదు. జ్వరం నూట మూడు. రెండు రోజులూ పచ్చి నారింజలు తిని ఉంది.

ఆసుపత్రిలో ఆమె ఎదురుగా కూర్చుని మెల్లగా క్షమించమని అడిగాను. పూర్తిగా నా పెదాలే చూసింది. కాగితం తీసుకుని ఇంగ్లీషులో రాసింది. చిన్నప్పుడు జ్వరమొచ్చి ఒక చెవి పూర్తిగా, రెండోది సగానికి పైగా పోయాయట. తెలిస్తే వేరే బడికి పంపేస్తారని అమ్మమ్మ ఎవరికీ చెప్పొద్దందట. అమ్మమ్మ పోయాక ఆ సంగతి తెలిసినవాళ్ళు, ఎప్పుడూ దూరంగా ఉండే నాన్నతో సహా, ఇంకెవరూ లేరట. కింద గీత గీసి మరీ రాసింది, దయచేసి రిపోర్టులో చెవి అని రాయకండి అని.

నేను ముందు రాసిన రిపోర్టు తప్పని ఒప్పుకుంటూ ఇంకోటి రాయాలి. నా కాంట్రాక్టు ఉంటుందో ఊడుతుందో తెలియదు. చెవి సంగతి రాస్తే పెద్ద పరీక్షలో వినే పేపరు నుంచి మినహాయింపు అడగొచ్చని జౌ మేడమ్ అంటోంది. కానీ అది మిన్ నోటితో ఒప్పుకుంటేనే. ఆ పిల్ల ఒప్పుకోవడం లేదు. రాయకపోతే మళ్ళీ కాపీ అనే మాటే మిగులుతుంది. సోమవారం పద్దెనిమిదో తేదీ గడువు. ఏం చెప్పి ఒప్పించాలో నాకు తెలియడం లేదు. ఆమె భయం ఎలాంటిదో తెలిసినవాళ్ళు నాకు మీరొక్కరే.

మీ సంగతి డాడీకి చెప్పలేదు. రికార్డింగు విని పిల్లలు నవ్వారని రాసినందుకు నన్ను నేను క్షమించుకోలేకపోతున్నాను.

జాయ్

*

రాజోలు
16 నవంబరు 2024

నా జాయ్ తల్లికి,

నీ ఒక్క మాట ఉత్తరం చూసి మోకాళ్ళ మీద పడిపోయాను. ఎంతసేపు ఉన్నానో నాకే తెలియదు.

నువ్వు అడిగినదానికి వెంటనే రాయలేదు. నా గుట్టు నేను దాచుకుంటూ ఆ పిల్లకి ధైర్యం చెప్పే అర్హత నాకు లేదు. ముందు నా పని చేసుకుని రాస్తున్నాను.

గురువారం బుల్లెమ్మని వెతుక్కుంటూ వెళ్ళేను. సంతలో ఎండుచేపలు అమ్ముతుంది. నలభై తొమ్మిదేళ్ళు ఉంటాయి, జుట్టు నెరిసింది. నన్ను చూడగానే లేచి నిలబడి చేతులు కొంగుకి తుడుచుకుంది. ఎదురుగా నిలబడి, పెదాలు బాగా కదిపి, "నీకు వినబడదని నాకు తెలియలేదే బుల్లెమ్మా, తప్పయిపోయింది" అన్నాను. ముఖంలో ఏ మార్పూ లేదు. తర్వాత అంది, "మీరు వెనక నుంచున్నప్పుడు గోడమీద మీ నీడ చూసేదాన్నండి టీచరుగారూ. నీడలో నోరు కనపడదు కదండీ."

ఆవిడ నన్ను పరీక్షగా చూసింది. నేను తన పెదాలవైపే చూస్తున్నానని, ఈ రెండేళ్ళలో ఇంకెవరికీ తెలియనిది, ఇట్టే తెలిసిపోయింది ఆవిడకి. "మీక్కూడానా అండీ?" అంది. సంత మధ్యలో, అందరూ చూస్తుండగా, తల ఊపేను. అదే మొదటిసారి ఒక మనిషికి చెప్పడం. "భయమేస్తోందా అండీ?" అంది. ఆయ్ అన్నాను. చేపల బుట్ట పక్కవాళ్ళకి అప్పగించి, "రేపు అమలాపురం నేనూ వస్తానండి" అంది. క్షమించానని అనలేదు. నేనూ అడగలేదు.

నిన్న వెళ్ళాం. మళ్ళీ అదే అద్దాల గది, అదే అమ్మాయి. మొన్న పద్దెనిమిది వచ్చింది కదండీ, మళ్ళీ ఎందుకని అడిగింది. మొన్న నిన్ను చూసి కాపీ కొట్టానమ్మా అని చెప్పేను. ఆ అమ్మాయి నవ్వుతుందనుకున్నాను, నవ్వలేదు. కుర్చీ గోడవైపు తిప్పించుకుని కూర్చున్నాను. తొడుగులు పెట్టేరు. ఎదురుగా తెల్లగోడ తప్ప ఏమీ లేదు. ఎంత భయమేసిందంటే, వెనక్కి తిరిగి చూడాలని మెడ దానంతటదే లాగింది. బుల్లెమ్మా, నీ చైనా పిల్లా ఆ బెంచీల్లో ఎలా కూర్చున్నారో అప్పుడు తెలిసింది. నా వెనక స్కేలు పట్టుకుని ఎవరూ లేరు, అదొక్కటే తేడా.

రేపు చర్చి అయ్యాక అన్నయ్య వస్తాడు. తలుపు తీసే ఉంచి, గుమ్మంలో కూర్చుంటాను. ఎదురుగా కూర్చోబెట్టుకుని నేనే చెబుతాను. కొత్తపేట రమ్మంటే ఏమంటానో నాకింకా తెలియదు. భయం పోలేదు, అబద్ధం ఎందుకు.

మిన్‌కి నా పేరు చెప్పు. నిన్ను వెనక నుంచి పరీక్షించిన పాపిష్టి పద్ధతి ఈవిడదే అని చెప్పు. ఈవిడ ఇరవై ఏళ్ళు అందరి ముందూ వాక్యం చదివిందని, ఇప్పుడు తనకి వినబడదని చెప్పు. ఒప్పుకోవాలా వద్దా అన్నది ఆ పిల్ల ఇష్టం. బలవంతం చెయ్యకు. ఈ ఉత్తరంతో పాటు నా కొత్త పరీక్ష కాగితం ఫోటో కూడా పంపుతున్నాను, దాన్ని చూపించు. పద్దెనిమిది వచ్చిన పాతది చింపేశాను. ఇందులో ఇరవైకి ఆరు. ఆరు సార్లే నొక్కేను, ఆరూ నేను విన్నవే.

అత్త జ్ఞానమ్మ